కుజపురం ఏడుపు

బుచ్చవ్వ ఏడిస్తే పాడె మోసేవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగుతారని సిరిసిల్లలో పేరు. ఎవరింట్లో చావు జరిగినా ముందు ఆమెకే కబురు వెళ్లేది. ఆమె వచ్చి శవం తలాపున కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రాగం ఎత్తుకుందంటే, అప్పటిదాకా గుసగుసలాడుకుంటున్న ఆడవాళ్లంతా గొంతు కలిపేవాళ్లు. అక్కడి ఏడుపుకు ఒక పద్ధతి ఉంది. పోయింది ఎవరైనా సరే, ఎవరికి వారు తమ ఇంట్లో పోయినవాళ్లను పిలుచుకునే ఏడుస్తారు. పక్కింటి ముసలాయన పీనుగ ముందు ఒకామె తమ్ముణ్ని తలుచుకుంటుంది, ఇంకొకామె కడుపున పుట్టిన బిడ్డను. బుచ్చవ్వ చాలా ఏళ్లు తల్లిని పిలుచుకుని ఏడ్చింది. కిందటేడు మగడు నాంపెల్లి పోయాక ఆయననే పిలుస్తోంది.

ఆ పేరే ఆమెను హైదరాబాదు దాకా తీసుకుపోయింది.

అక్కడొక ప్రయోగశాలలో టీవీకి కొత్త విద్య నేర్పుతున్నారు. బొమ్మ, మాట ఎట్లాగూ వస్తాయి. వాటితోపాటు మనసులోది కూడా పంపాలని వాళ్ల ప్రయత్నం. ఇక్కడ ఒకరు నుదుటికి పట్టీ కట్టుకుని ఏడిస్తే, ఇంట్లో పట్టీ కట్టుకుని చూసేవాళ్లకు అదే దుఃఖం లోపల పుట్టాలి. అందుకోసం 'కుజపురం' అనే సీరియల్ తీస్తున్నారు. మనుషులు కుజగ్రహం మీద ఊరు కట్టుకుని బతికే కథ. ఒక భాగంలో ఎర్రటి దుమ్ము తుఫాను వచ్చి, బయట పనిచేస్తున్న ఇంజనీరు చనిపోతాడు. అద్దాల గోడకు ఇవతల అతని భార్య ఏడవాలి.

"హీరోయిన్ గారు బ్రహ్మాండంగా ఏడ్చారండి" అంది ఆ ప్రయోగశాల పెద్ద, డాక్టర్ ఇందుమతి. "తీరా పట్టీ పెట్టుకుని చూస్తే మాకందరికీ ఆకలేసింది. ఆవిడ ఒళ్లు తగ్గాలని ఉపవాసాలుంటున్నారట."

బుచ్చవ్వ నవ్వాపుకుంది. "మరి నేనేం జెయ్యాలె బిడ్డా?"

"ఏం లేదండి. చావింట్లో ఎలా ఏడుస్తారో అలాగే."

"ఎదురుంగ పీనుగ లేకుంటె ఎట్లొస్తది ఏడుపు?"

ఆ మాటకు అందరూ డ్రైవరు రాజలింగం వైపు చూశారు. బుచ్చవ్వ సంగతి వీళ్లకు చెప్పిందీ, కారులో తీసుకొచ్చిందీ అతనే. అతను రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "నేను పండనవ్వా! నాకు చిన్న చిన్న పోరగాండ్లున్నరు."

చివరకు ఒక దిండు మీద తెల్లగుడ్డ కప్పారు. బుచ్చవ్వ దాని తలాపున కూర్చుని కళ్లు మూసుకుంది. నుదుటి మీద పట్టీ చల్లగా తగిలింది. 'నన్నెవలి మీద పెట్టి పోయినవయ్యా' అంటూ నాంపెల్లిని పిలిచింది. అంతే, గదిలో ఉన్నవాళ్ల కళ్లు తడిశాయి. రాజలింగం గోడకు తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె కళ్లు తెరిచేసరికి ఇందుమతి ఒక్కతే ఏడవకుండా ఉంది. తన నుదుటి మీది పట్టీని వేళ్లతో పట్టుకుని, బుచ్చవ్వను అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూస్తోంది.

"బాగా వచ్చిందండి" అంటూ తన పట్టీ విప్పింది.

బహుమానంగా ఏం కావాలని అడిగితే, పట్టీలున్న ఆ టీవీ ఒకటి తన బిడ్డ వనజ ఇంట్లో పెట్టించమంది బుచ్చవ్వ.

వనజ ఉండేది తల్లి ఇంటి వెనక సందులోనే. ఆ భాగం వచ్చే సాయంత్రం సందులోని వాళ్లంతా ఆమె ఇంట్లో చేరారు. ఇచ్చినవి నాలుగే పట్టీలు. వనజ ఒకటి కట్టుకుంది, అల్లుడు రవీందర్ ఒకటి. మూడోది పక్కింటి సత్తవ్వ లాక్కుంది, నాలుగోది ఎదురింటి కొత్త కోడలికి దక్కింది. బుచ్చవ్వ గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీ ఆకు కత్తిరిస్తూ కూర్చుంది.

"నువ్వేడ్సింది నువ్వే సూడవా అత్తా?" అన్నాడు రవీందర్.

"నా ఏడుపు నాకెర్కే లేదా? మీరే సూడుండ్రి."

సీరియల్‌కు ముందు ప్రకటన వచ్చింది. తెరమీద ఒక అందమైన అమ్మాయి చెప్పింది: "ఈ పట్టీ మీకు కొత్తగా ఏదీ ఇవ్వదు. మీ గుండెలో ఉన్నదాన్నే మీకు చూపిస్తుంది." ఎవరో పరాయి మనిషి మనసును తలకు కట్టుకోమంటే ఎవరూ కొనరని కంపెనీవాళ్లు అట్లా చెప్పిస్తున్నారు. బుచ్చవ్వకు అది తప్పని తెలుసు గాని, టీవీలో చెప్పేవన్నీ నిజాలా ఏమిటని ఊరుకుంది.

తెరమీద ఎర్రదుమ్ము లేచింది. ఇంజనీరు పడిపోయాడు. భార్య అద్దానికి చేతులు ఆనించి కూలిపోయింది. వనజ కళ్లలో నీళ్లు తిరిగాయి. బుచ్చవ్వ కత్తెర ఆపి, తృప్తిగా బిడ్డ ముఖం చూసింది.

చూస్తుండగానే ఆ ముఖం మారిపోయింది. నొసలు విప్పారాయి. భుజాలు కిందికి జారాయి. ఎండలో నడిచొచ్చి నీడలో కూర్చున్న మనిషిలా వనజ మెల్లగా ఊపిరి వదిలింది, పెదవుల మీద చిన్న నవ్వు కూడా వచ్చింది. మరుక్షణం ఉలిక్కిపడి పట్టీ ఊడబీకి దూరంగా పడేసింది.

సత్తవ్వ కూడా తీసేసింది. "నెత్తి నొస్తుందే" అని ఎవరివైపూ చూడకుండా లేచి వెళ్లిపోయింది. కొత్త కోడలు కొంగు ముఖానికి కప్పుకుంది. రవీందర్ మాత్రం పట్టీ చేతిలో తిప్పుతూ, "ఏమో గని, సాంచెలన్ని ఒక్కపారే బందయినట్టు అనిపిచ్చింది. మంచిగనే ఉన్నది" అన్నాడు.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచెలంటారు. పొద్దస్తమానం వాటి మోతలోనే ఊరు బతుకుతుంది. కరెంటు పోయి అవి ఆగినప్పుడే చెవులు తెరుచుకుంటాయి. అల్లుడి మాట వినగానే బుచ్చవ్వ చేతిలో ఆకు ముక్కలైంది. అది ఏ రోజు నిశ్శబ్దమో ఆమెకు తెలిసింది.

నాంపెల్లి సాంచెల దగ్గర చెవులు పోగొట్టుకున్న మనిషి. చెవులు పోయిన కొద్దీ గొంతు పెరిగింది. ఇంటికొచ్చి ఆరోజు ఏ దారం తెగింది, సేటు ఏమన్నాడు, తను ఏమన్నాడు, అనకుండా మింగిందేమిటి, అన్నీ చెప్పేవాడు. మర్నాడు మళ్లీ చెప్పేవాడు. ప్రతి మాటకూ బుచ్చవ్వ ఊ కొట్టాలి. ఆయనకు వినబడేలా కొట్టాలి. ఒక్కటి తప్పితే కథ మొదటికొచ్చేది. పొయ్యి ముందున్నా, జ్వరంతో ముసుగుపెట్టినా ఊ తప్పదు. తాగేవాడు కాదు, చెయ్యి ఎత్తేవాడు కాదు, నోటివెంట ఒక తిట్టు రాలేదు. దేవునిలాంటి మొగుడని సందంతా అనేది, బుచ్చవ్వ కూడా అట్లాగే అనేది. కాకపోతే ఆయనతో కాపురం చేసినన్నాళ్లూ ఆమె తలలో పుట్టిన ఆలోచన ఒక్కటీ చివరిదాకా పోలేదు.

ఆయన పోయిన మధ్యాహ్నం, పీనుగ లేచేదాకా సందులో సాంచెలు ఆపేశారు. అది ఆ సందు ఆచారం. శవం మీద పడి గుండెలు బాదుకుంటున్న బుచ్చవ్వకు ఉన్నట్టుండి ఒళ్లంతా తేలికైంది. ఇక ఊ కొట్టే పని లేదు. ఏడుపూ నిజమే, ఆ తేలికా నిజమే. ఏడుపు నలుగురికీ వినిపించింది, రెండోది వినిపించలేదు. అందుకే ఇన్నాళ్లూ తలెత్తుకుని తిరిగింది. ఇప్పుడు అది దేశం మీద పడింది.

మర్నాటి నుంచి ఎక్కడ చూసినా ఆ భాగం గురించే మాటలు. ఇంత గొప్పది పుట్టలేదని కొందరు, ఏడవాల్సిన చోట హాయిగా ఉందేమిటి, దర్శకుడికి మతి లేదా అని కొందరు. టీవీ చర్చలో కూర్చున్న ఒక ప్రొఫెసరు, కుజుడి మీద మనిషి బరువు తగ్గుతుంది గనక ఆ తేలికను ఎంతో శాస్త్రీయంగా చూపించారని మెచ్చుకున్నాడు. ఒక పెద్దాయన ఫోన్ చేసి, తన భార్య పట్టీ తీసి తనవైపు ఒకసారి చూసి, లేచి వెళ్లి చాలాసేపు గిన్నెలు తోముతూ ఉండిపోయిందని, అడిగితే ఏమీ లేదంటోందని చెప్పాడు. చెబుతూ చెబుతూ మధ్యలోనే ఫోన్ పెట్టేశాడు. ఫోన్ చేసిన ఆడవాళ్లలో మాత్రం ఒక్కరు కూడా తమకు ఏమనిపించిందో చెప్పలేదు. బొమ్మలు బాగున్నాయన్నారు, అద్దాల ఇళ్లు బాగున్నాయన్నారు.

వనజ తిండి మానేసింది. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి వెళ్లడమూ మానింది. నాంపెల్లి ఏడాది కార్యం దగ్గర పడుతోంది. ఆ రోజు తండ్రికి ఇష్టమైనవి వండి ఆకులో పెట్టాల్సింది ఆమె. గోడ మీది తండ్రి ఫోటోకు వీపు తిప్పి పడుకుని, తాను రానంది.

"ఎందుకు రావు బిడ్డా?"

వనజ ఇటు తిరగకుండానే అంది. "ఆమె ఏడుస్తుంటె నాకు బాపు యాదికొచ్చిండు. యాదికి రాంగనే సంబురమైందవ్వా. పీడ పోయింది అన్నట్టు. నా కడుపుల గిదా ఉన్నది? నన్ను భుజాల మీద మోసినోడు. ఏ మొఖం పెట్టుకొని పోయి ఆకుల అన్నం పెట్టాలె?"

అది నీది కాదు, నాది అని అప్పుడే చెప్పి ఉండాల్సింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాని బుచ్చవ్వ నోటినుంచి వచ్చింది వేరొకటి. "ఎవలి కండ్లో తగిలినయి నీకు. ఉప్పు తిప్పేస్త ఉండు" అంది. ఉప్పు తిప్పి పొయ్యిలో వేస్తూ, ఆ చిటపటల్లో తన ముఖం బిడ్డకు కనిపించకుండా వంచుకుంది.

తను చెప్పకుండా ఆ ప్రయోగశాలవాళ్లచేత చెప్పిస్తే? ఆ ఆశతో హైదరాబాదు బస్సెక్కింది.

ఇందుమతి ఆమెను చూడగానే లేచి నిలబడింది. సంగతంతా విని, తలుపు వేసి వచ్చింది.

"ఆరోజే తెలిసిందండి నాకు. మీ ఏడుపు కింద ఇంకొకటుంది. దానికన్నా పెద్దది. రెండూ విడదీయడం మాకింకా చేతకాదు."

"చేతగాకుంటె మొత్తమే పారెయ్యకపోయినవా?"

"పారేద్దామనే అన్నాను. ఛానల్ వాళ్లు ఒప్పుకోలేదు. ఇప్పుడు జనం రెండుగా చీలి కొట్టుకుంటున్నారు. వాళ్లకు కావలసిందదే. ఇంకా కావాలంటున్నారు, మీరు మళ్లీ వస్తారా అని నన్ను అడగమన్నారు కూడా."

"అది నా బిడ్డది కాదని ఒక్క మాట చెప్పు తల్లీ. మెషీన్ల ఏదో తప్పు పడ్డదను. నీకు పుణ్యముంటది."

ఇందుమతి చేతులు నలుపుకుంది. "పట్టీ మీలో ఉన్నదే చూపిస్తుందని చెప్పి అమ్ముతున్నారు. కాదని నేనంటే ఈ చోటు మూతపడుతుంది. నేను పిరికిదాన్నండి. క్షమించండి." తలెత్తకుండానే అంది: "నిజం చెప్పనా? ఆరోజు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మంచంలో చాలా రోజులుంది. నేనే చేశాను ఆమెకు. మీ ఏడుపు అందుతుంటే, అందులో మీది ఎంతో నాది ఎంతో నాకు తెలియలేదు. శాస్త్రం చదువుకున్నదాన్ని, నాకే తెలియలేదు."

బుచ్చవ్వ బల్ల మీదున్న పట్టీ వైపు చూసింది. "నాకొక్కపారి కట్టు" అంది.

కట్టించుకుంది. మొదట తన దుఃఖమే వచ్చింది, తెలిసినదే, వాడి వాడి అరిగిపోయినది. ఆ తర్వాత సాంచెలు ఆగాయి. తల లోపల ఎంత చోటుందో మళ్లీ కనిపించింది. ఆ చోటులో ఆమె కాళ్లు చాపుకుని కూర్చుంది. ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది. బిడ్డ అక్కడ అన్నం ముట్టకుండా పడుకుని ఉంటే, తనకు ఇక్కడ రెండోసారి కూడా హాయిగానే ఉంది. అది తెలిశాక బుచ్చవ్వ పట్టీ తీసి బల్లమీద పెట్టి, ఇందుమతికి చెప్పకుండానే బయటకు నడిచింది. బస్సులో పక్కన కూర్చున్నామె ఏ ఊరని అడిగితే కిటికీవైపు జరిగింది. ఒళ్లంతా మురికిగా ఉన్నట్టు కొంగు దగ్గరికి లాక్కుంది.

తెల్లవారి వనజ ఇంటికి వెళ్లింది. రవీందర్ పనికి పోయాడు. గంజి గిన్నె మంచం పక్కన తొరక కట్టి ఉంది.

"అది నీది కాదు బిడ్డా. నాది."

వనజ కళ్లు తెరవలేదు. "నాకు తినబెట్టనీకె జెప్తున్నవ్. నాకెర్క లేదా అవ్వా నీ సంగతి. సావుకు పెండ్లికి నా నెత్తి మీది బరువు నీ నెత్తికెత్తుకుంటవు."

"నా మీద ఒట్టు."

"నువ్వు బాపు మీద పడి ఏడ్సింది నేను సూడలేదా? నిన్ను పట్టుకున్నదే నేను."

బుచ్చవ్వకు అప్పుడు అర్థమైంది, ఉత్త మాటతో బిడ్డ నమ్మదని. నమ్మాలంటే దాచినదంతా బయట పెట్టాలి. మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది.

"మీ బాపు మాట్లాడుతుంటె నేను ఊ కొట్టేది యాదికున్నదా?"

"ఎందుకు లేదు? బాపు కథలంటె నాకు పానం."

"నీకు పానమే. ఆయన షురూ జేసినంక జెర్రసేపటికే నువ్వు నిద్రపోతుంటివి. తెల్లారిందాక ఊ కొట్టింది నేను. పొద్దున సాంచెలు, పొద్దుమీకి ఆయన. నా నెత్తిల ఎన్నడు ఊకున్నది లేదు. నిన్ను కనే నొప్పులల్ల గూడ మంచం పక్కన కూసోని, సేటు ముచ్చట జెప్పి, ఊ అనమన్నడు."

వనజ కళ్లు తెరిచింది.

"సెడ్డోడు కాదు బిడ్డా. సెడ్డోడైతె నాకింత సిగ్గుండకపోవు. ఆయన పోయిన్నాడు సాంచెలు ఆపిండ్రు. ఆయన గూడ ఆగిండు. నాకు పానం లేసొచ్చింది. పట్టీ గదే పట్టుకపోయింది."

"నేను నిన్ను గట్టిగ పట్టుకొని, ఏడ్వకు అవ్వా అంటిని. గప్పుడా?"

"గప్పుడే."

వనజ లేచి కూర్చుంది. తల్లి ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపు కింద బుచ్చవ్వకు తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చివరకు వనజ గంజి గిన్నె తీసుకుంది. తొరక వేలితో పక్కకు నెట్టి, గోడవైపు తిరిగి, గటగటా తాగింది. తాగి గిన్నె కింద పెట్టింది.

"ఇంటికి పో నువ్వు" అంది.

ఏడాది కార్యానికి వచ్చింది. తండ్రి ఆకులో అన్నీ తన చేత్తోనే పెట్టింది. తల్లిని మాత్రం అవ్వా అని పిలవలేదు, 'ఆమె' అంది. తన మీది నింద తుడుచుకోవడానికి ఆ ముచ్చట సత్తవ్వకు చెప్పింది. సత్తవ్వకు చెప్తే సందుకు చెప్పినట్టే. బుచ్చవ్వకు చావు కబుర్లు రావడం ఆగిపోయింది. వెనక వీధిలో ఒకాయన పోయినప్పుడు పాత అలవాటున లేచి వెళ్తే, వాకిట్లోనే ఒక ముసలామె చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వొస్తే నవ్వులాట అయితది, పో" అంది. బుచ్చవ్వ చెప్పులు చేతిలో పట్టుకుని తిరిగొచ్చింది.

ఆ తర్వాత బుచ్చవ్వ ఇంటికి వచ్చిన మొదటి మనిషి సత్తవ్వే. తిట్టడానికే వచ్చింది. "నీ పాపం నా నెత్తిల వెట్టినవు గదనే! నా మొగని మొఖం సూడలేక సస్తున్న" అని వాకిట్లో నిలబడి అరిచింది. అరవడం అయ్యాక లోపలికొచ్చి, గొంతు తగ్గించి, "అంటే గది నాది కానట్టే గదా?" అని అడిగింది. కాదంది బుచ్చవ్వ. సత్తవ్వ చల్లబడి, చెంబెడు నీళ్లు తాగి పోయింది. తర్వాత కొత్త కోడలు వచ్చి, అడగలేక కాసేపు గడప గీరి, "నీదేనంట గద అత్తా" అంది. నాదే బిడ్డా అంది. పట్టీ టీవీలున్న వేరే వీధులవాళ్లూ వచ్చారు. కొందరు ఉమ్మి పోయారు. కొందరు ఒక్క మాట అడిగి, తేలికైన ముఖాలతో పోయారు.

ఒక మధ్యాహ్నం వనజ, ఇంట్లో బీడీ ఆకు అయిపోయిందని అడగడానికి వచ్చి, చాటలో వేసుకుంటూ ఉంది. అప్పుడు లింగవ్వ వచ్చింది. సందు చివర ఉంటుంది. ఆమె మొగుడు దగ్గు రోగంతో మంచాన పడి ఉన్నాడు, ఆయనకు అన్నీ ఆమే. వనజను చూసి తడబడింది గాని, ఆగలేకపోయింది.

"అక్కా, ఆ సీరియల్ల నాకు మనసుల ఒకటి అయింది. పీనుగను సూస్తుంటె మా ఆయిన కండ్లల్ల మెదిలిండు. ఇగ నేనెట్ల జెప్పాలె... గది నీదే గదా? అందరియి నీయే అంటున్నరు."

"ఎవలింట్ల కూసున్నవే? పట్టీ ఎవలిచ్చిండ్రు?"

"పట్టీ యాడిదక్కా మాకు? మా ఇంట్లనే, మా పాత టీవీల సూసిన."

వనజ చేతిలో ఆకు ఆగిపోయింది. లింగవ్వ కళ్లు పీక్కుపోయి ఉన్నాయి. బుచ్చవ్వ ఆమెనే చూస్తూ, గొంతు సవరించుకుంది.

"నాదే లింగవ్వా. గాలిల పంపిండ్రు గద, పట్టీ లేకున్న జెరంత తగిలి ఉంటది. నీది కాదు. నువ్వు పోయి ఆయినకు ఇంత గంజి తాపు."

లింగవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆ దండానికి బుచ్చవ్వ తల దించుకుంది. ఆమె సందు మలుపు తిరిగేదాకా వనజ వాకిలివైపే చూసింది.

"పట్టీ లేకుంటె రాదు గదా" అంది వనజ.

"రాదు."

వనజ ఇంకేదో అడగబోయి ఆగిపోయింది. తల్లి నిజం చెప్పిన రోజు తర్వాత మొదటిసారి ఆమె ముఖం సూటిగా చూసింది. ఈసారి బుచ్చవ్వే చూడలేకపోయింది, కొంగు నుదుటి మీదికి లాక్కుంది. ఇంతలో వాకిట్లో ఎవరో చెప్పులు విడిచిన చప్పుడైంది. వచ్చిన మనిషి లోపలికి రాలేక అక్కడే తచ్చాడుతోంది.

వనజ చాట పక్కన పెట్టి లేచి చాప పరిచింది.

"రా అత్తా, కూసో" అని వాకిలివైపు పిలిచి, "అవ్వ ఇంట్లనే ఉన్నది" అంటూ, తాను వెనక తలుపు గుండా బయటికి నడిచింది.